సాయంత్రం బసకు చేరే పక్షుల గుంపులు: రోజుకో అంకె వస్తోంది, లెక్క ఎలా పెట్టాలి?

కొమ్మచివర అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. చూడ్డానికి చిన్న సందేహమే గానీ కొంతకాలంగా బుర్ర తినేస్తోంది.

ఒక చెరువు గట్టు మీద వరుసగా పెద్ద చెట్లున్నాయి. పొద్దు వాలాక గోరింకలు, చిలుకలు, కాకులు, కొన్ని తెల్లకొంగలు అక్కడికే వచ్చి రాత్రంతా ఉంటాయి. ఎన్ని వస్తున్నాయో రాసిపెట్టుకుంటే ఏడాదిలో ఎప్పుడు పెరుగుతాయో ఎప్పుడు తగ్గుతాయో తెలుస్తుంది కదా అని మొదలుపెట్టాను. ఒకరోజు 800 అనిపించింది. మర్నాడు అవే చెట్లు, అదే టైము, 1,300. నాతోపాటు వచ్చే ఫ్రెండ్ గట్టుకు అవతలి వైపు నిలబడి 2,000కి తక్కువ ఉండవు, రాసిస్తా అంటాడు. ఒక్క రాత్రిలో ఐదొందల పిట్టలు ఎక్కణ్నుంచి ఊడిపడతాయండీ?

అవి కూర్చున్నాక ఒక్కో చెట్టూ లెక్కపెడదామని చూశాను. ఆకుల్లో సగం కనబడవు, కనబడేవి కుదురుగా ఉండవు. పోనీ ఎగిరొచ్చేటప్పుడే పదేసి చొప్పున లెక్కపెడదామంటే, ఒక గుంపు పూర్తయ్యేలోపు వెనకనుంచి ఇంకోటి దిగిపోతుంది. చిలుకలైతే అరుచుకుంటూ కళ్లముందునుంచి రివ్వున పోతాయి, ఏడా పదకొండా చెప్పలేం. ఇంతలో ఏం చూసి బెదురుతాయో, అన్నీ ఒక్కసారిగా లేచి నాలుగు చుట్లు తిరిగి మళ్లీ కూర్చుంటాయి. అప్పటిదాకా లెక్కపెట్టినవేవో, పెట్టనివేవో తెలియదు. చీకటి పడ్డాక ఇక మిగిలేది గోల ఒక్కటే.

ఫోన్‌తో వీడియో తీస్తే సరిపోతుందా? చేతిలో నొక్కే కౌంటర్ కొనుక్కోవాలా? అసలు ఇంత పెద్ద గుంపుల్ని జనం ఏ ధైర్యంతో అంకెల్లో రాస్తారు?

నీటికాకి జవాబు

మీకు పక్షులతో వచ్చిన ఇబ్బంది కాదండీ ఇది, నిలబడే చోటుతో వచ్చింది. మీ ఫ్రెండ్ గట్టుకు అవతల, మీరు ఇవతల. ఇద్దరూ చూస్తున్నవి వేర్వేరు గుంపులు, మధ్యలో కొన్ని ఇద్దరి లెక్కలోనూ పడుతున్నాయి. ముందు అది సరిచేసుకుంటే తక్కినవి తేలిక.

కూర్చున్నవాటిని లెక్కపెట్టడం మానేయండి. చెట్టును కాదు, చెట్టుకు వెళ్లే దారిని చూడాలి. టోల్‌గేట్ దగ్గర బండ్లు లెక్కపెట్టినట్టే ఇది. ఊళ్లో ఎన్ని బండ్లున్నాయో వాళ్లకు అక్కర్లేదు, గేటు దాటినవే లెక్క. మీరూ అలాంటి గేటు ఒకటి ఊహించుకోవాలి. ఒక కరెంటు స్తంభం, దూరంగా ఒక టవరు, లేదా రెండు చెట్ల చివర్లు, ఏవైనా కదలని గుర్తులు రెండు. వాటి మధ్య గీత ఉందనుకోండి. గీత దాటి చెట్ల వైపు వెళ్లినది ప్లస్, చెట్ల నుంచి బయటికి వచ్చినది మైనస్. గీతకు అవతల అవి ఎన్ని చుట్లు తిరిగినా, ఎన్నిసార్లు లేచి కూర్చున్నా మీకు అనవసరం. మిమ్మల్ని బాగా ఏడిపించేది ఆ లేచి కూర్చునే గొడవే కదా, అది దీంతో చాలావరకు పోతుంది.

మొదటి సాయంత్రం లెక్కే పెట్టకండి. ఊరికే కూర్చుని ఏ వైపునుంచి వస్తున్నాయో చూడండి. సాధారణంగా రెండు మూడు దారులుంటాయి, ఒక్కో జాతికి ఒక్కో దారి. పెద్ద దారి దగ్గర మీరు, రెండో దారి దగ్గర ఫ్రెండ్. ఇద్దరి గీతలూ ఒకదాన్నొకటి తాకకూడదు.

గీత ఎంచుకునేటప్పుడు వెలుతురు చూసుకోండి. పొద్దు గుంకాక చివరిదాకా వెలుగు ఉండేది పడమటి ఆకాశంలోనే. మీకూ ఆ వెలుగుకూ మధ్యలోంచి పక్షులు దాటేలా నిలబడితే రంగు తెలియకపోయినా ఆకారం నల్లగా స్పష్టంగా కనిపిస్తుంది. తూర్పు వైపు చూస్తూ నిలబడినవాళ్లకు ఇంకా సగం పక్షులు రావాల్సి ఉండగానే కళ్లు కనపడవు. ఆకారంతోనే జాతి పట్టుకోవచ్చు. చిలుకకు పొడుగు తోక, బాణంలా సూటిగా పోతుంది. గోరింక తోక పొట్టి, రెక్క విప్పినప్పుడు తెల్ల మచ్చ తళుక్కుమంటుంది. కాకి తీరిగ్గా రెక్కలాడిస్తుంది. కొంగ మెడ మడుచుకుని కాళ్లు వెనక్కి చాపుతుంది.

ఇక పదేసి లెక్క. మనిషి చూపు ఒక్క క్షణంలో లెక్కపెట్టకుండా గుర్తుపట్టగలిగేది మూడు నాలుగే. ఆపైన అంతా అంచనా, పెద్ద గుంపు చూస్తే అందరమూ తక్కువే చెబుతాం. అందుకే ఊహించి పది అనుకోకూడదు. గుంపులో ఒక చివర పదింటిని నిజంగా ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టండి. ఆ పది ఆకాశంలో ఎంత మేర ఆక్రమించాయో చూపుకు ఎక్కించుకోండి. ఆ మేరను గుంపు పొడుగునా పరుచుకుంటూ పోండి: పది, ఇరవై, ముప్పై. గుంపు మరీ పెద్దదైతే ఐదు పదులు కలిపి యాభై కొలత చేసుకుని దాన్ని పరవండి. ఇక్కడ చాలామంది నిన్నటి కొలతను ఇవాళ వాడతారు, దూరంగా పోయే గుంపు మీద కట్టిన కొలతతో దగ్గరగా పోయే గుంపును కొలుస్తారు. ప్రతి పెద్ద గుంపుకూ కొలత మళ్లీ కట్టుకోవాల్సిందే. అదీ గుంపులో బాగా చిక్కగా ఉన్న చోట కాదు, బాగా పలచగా ఉన్న చోటా కాదు.

టైము గురించి ఒక మాట. పొద్దు గుంకడానికి గంట ముందే వెళ్లండి, చూపు ఆనకుండా పోయేదాకా ఉండండి. ఐదేసి నిమిషాలకు ఒక వరుస చొప్పున రాయండి. గడియారం టైముతో పాటు సూర్యాస్తమయానికి ఎన్ని నిమిషాల ముందో వెనకో కూడా వేయండి. నెల తిరిగేసరికి సూర్యాస్తమయం టైము మారిపోతుంది, పక్షులు నడిచేది దాన్ని బట్టే గానీ మన వాచీని బట్టి కాదు. మబ్బు పట్టిన రోజు ఇంకా ముందే వచ్చేస్తాయి. మీకు 800 వచ్చిన రోజు మబ్బుందేమో, మీరు వెళ్లేటప్పటికే కొన్ని లోపల సర్దుకున్నాయేమో గుర్తు చేసుకోండి.

కౌంటర్ కొనండి, పనికొస్తుంది. కానీ ఒక్కో పక్షికి ఒక నొక్కు కాదు, ఒక్కో పదికి ఒక నొక్కు. ఎక్కువ జాతులుంటే కౌంటర్ కంటే నోరే మేలు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి "గోరింకలు ముప్పై లోపలికి, కాకులు నాలుగు బయటికి" అని చెప్పుకుంటూ పోతే కళ్లు ఆకాశం మీదే ఉంటాయి. కాగితం కోసం తల దించారంటే ఒక గుంపు పోయినట్టే. పక్కనుంచి పోయేవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

రెండోక్లిక్ జవాబు

వీడియో గురించి నేను చెబుతాను, నా పిచ్చి అదే.

ఫోన్‌ను చేత్తో పట్టుకుని గుంపు వెంట తిప్పితే ఆ వీడియో దేనికీ పనికిరాదు. స్టాండు మీద బిగించి, నీటికాకి గారు చెప్పిన గీత వైపు తిప్పి కదపకుండా వదిలేయాలి. ఇంటికొచ్చాక స్పీడు తగ్గించి గీత దాటినవి లెక్కపెట్టుకోవచ్చు, ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. ఇబ్బందల్లా వెలుతురు తగ్గాక. మన కంటికి కనిపించే దూరపు పక్షి ఫోన్ వీడియోలో మసక మరకల్లో కలిసిపోతుంది. సరిగ్గా ఎక్కువ పక్షులు వచ్చే పది పదిహేను నిమిషాలే కెమెరా చేతులెత్తేస్తుంది. కాబట్టి వీడియో ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఫొటో వేరే పనికొస్తుంది, మన కంటిని మనమే పరీక్ష పెట్టుకోడానికి. గుంపు కనబడగానే ముందు అంకె పైకి చెప్పండి, వెంటనే ఫొటో తీయండి. తర్వాత ఫొటోలో ఒక్కో పక్షి మీదా చుక్క పెట్టి లెక్కపెట్టండి. ఇమేజ్‌జె అని ఉచితంగా దొరికే ప్రోగ్రాములో మల్టీ పాయింట్ అనే టూల్ ఉంది, చుక్క పెడుతుంటే అంకె అదే పెరుగుతుంది. మీరు 150 అన్నది ఫొటోలో 210 తేలింది అనుకోండి, ఇలాంటివి ఓ ముప్పై చేసేసరికి మీ చూపు ఎంత తక్కువ చెబుతుందో మీకే తెలిసిపోతుంది. అలాగని రాసిన పాత అంకెలన్నిటినీ ఇంటి దగ్గర కూర్చుని పెంచేయకండి. కన్ను మెరుగుపడాలి గానీ నోట్‌బుక్ కాదు.

ఫొటోలోనూ ఒక తిరకాసుంది. ఒక పక్షి వెనక ఇంకో పక్షి దాక్కుంటుంది. రోమ్‌లో టెర్మిని స్టేషన్ చుట్టుపక్కల చెట్లకు చలికాలంలో బసకు వచ్చే స్టార్లింగ్ పక్షుల (మన గోరింకల చుట్టాలే) గుంపుల మీద భౌతికశాస్త్రవేత్తలు పనిచేశారు. 2021లో నోబెల్ అందుకున్న జార్జియో పారిసి కూడా వాళ్లలో ఉన్నారు. అక్కడ ఒక మ్యూజియం పైకప్పు మీద ఒకటికి మించి కెమెరాలు పెట్టి, ఒకే క్షణంలో క్లిక్కుమనిపించి, ఒక్కో పక్షి గాల్లో ఎక్కడుందో లెక్కగట్టారు. ఒక్క కెమెరాతో అయ్యే పని అయితే వాళ్లు అంత తంటాలు పడేవాళ్లు కాదు కదా. 2008లో బయటికొచ్చిన ఫలితాల్లో అందరూ చెప్పుకునేది, ఒక్కో పక్షి తన చుట్టూ ఆరేడింటిని మాత్రమే గమనిస్తుందని. లెక్కపెట్టేవాళ్లకు పనికొచ్చేవి వేరే రెండున్నాయి. ఆ గుంపు బంతిలా ఉండదు, పలచటి పొరలా ఉంటుంది. మధ్యలో కంటే అంచుల్లో పక్షులు చిక్కగా ఉంటాయి. అంటే గుంపు తిరిగినప్పుడు ఒక్కసారిగా నల్లగా కనిపిస్తే పక్షులు పెరిగినట్టు కాదు, పొరను అంచువైపునుంచి చూస్తున్నాం అంతే. పొర మన వైపు వెడల్పుగా తిరిగేదాకా ఆగి అప్పుడు కొలత వేయాలి. కొలతను అంచులో కట్టుకుంటే మొత్తం ఎక్కువ తేలుతుంది.

తెల్లవారుజాము జవాబు

అందరూ సాయంత్రమే అంటున్నారు, పొద్దున్నే వెళ్లండి అని ఒక్కరూ అనరేం? రాత్రి ఎన్ని ఉన్నాయో తెల్లారి బయటికి వచ్చేవి అవే కదా. పైగా లేవగానే ఊరికే తిరుగుతూ కూర్చోవు, ఆకలి మీద ఉంటాయి, పనిమీద పోతాయి. చెట్ల కింద జనం కూడా ఉండరు.

అయితే కష్టం లేదనను. కొన్ని జాతులు చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి ఒక్కసారిగా అన్నీ లేస్తాయి, ఆ కొద్ది సెకన్లలో కళ్లు ఎక్కడో ఉంటే ఆ పూట పోయినట్టే. బ్రిటన్‌లో వెనకటికి రాడార్ తెర మీద పొద్దున్నే వలయాలు ఒకదాని వెనక ఒకటి విచ్చుకోవడం కనిపించేది. బస చెట్లనుంచి స్టార్లింగులు దఫదఫాలుగా లేచి అన్ని దిక్కులకూ పోవడమే అదని 1960ల మొదట్లో తేల్చారు. అమెరికాలో ఎండాకాలం చివర్లో పర్పుల్ మార్టిన్ పక్షులు తెల్లవారకముందే బస విడిచి వెళ్లేటప్పుడు వాతావరణ రాడార్ మీద ఇప్పటికీ అలాంటి ఉంగరాలే పడతాయి. మీ చెట్లకు అంత లేదు, కానీ అవి లేచే పద్ధతి తెలిసి ఉంటే మంచిది: అలలు అలలుగా వస్తాయా, ఒక్క ఉదుటున వస్తాయా అని ముందొకసారి చూసుకోండి.

ఒకసారి సాయంత్రం, ఆ మర్నాడే పొద్దున, అవే గీతల దగ్గర లెక్కపెట్టి చూడండి. రెండూ దగ్గర దగ్గరగా వస్తే మీ పద్ధతి మీద మీకే నమ్మకం కుదురుతుంది.

నీటికాకి జవాబు

పొద్దున లెక్క మంచిదే, నాకు లేవబుద్ధి కాదు, అంతకు మించి కారణం లేదు. కానీ కొన్ని పక్షులకు సాయంత్రం తప్ప గతి లేదు. గుజరాత్‌లో వేళావదర్ గడ్డిమైదానానికి చలికాలంలో వచ్చే హారియర్ గద్దలు చెట్టెక్కవు, గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. ప్రపంచంలోని అతిపెద్ద హారియర్ బసల్లో అదొకటి. గడ్డిలోకి దిగాక పక్కనే ఉన్నా కనబడవు. దిగేలోపు లెక్కపెట్టాలి, దిగినట్టే దిగి మళ్లీ లేచి ఇంకో చోట దిగేవాటితో జాగ్రత్తగా ఉండాలి.

ఇంకోటి చెప్పడం మరిచాను. చెరువు గట్టు అన్నారు కాబట్టి మసక చీకట్లో చెట్లలోంచి "క్వాక్" మంటూ బయటికి వెళ్లే బొద్దు పక్షులు కనిపిస్తే అవి రాత్రి కొంగలు. తక్కినవి పడుకోడానికి వస్తుంటే అవి మేతకు బయల్దేరతాయి. మొత్తంలోంచి వాటిని తీసేయకండి, ఆ జాతికి విడిగా వరుస వేయండి. గబ్బిలాలూ అప్పుడే లేస్తాయి. ఆఖరి పది నిమిషాల్లో చిన్నవి ఏవైనా అడ్డదిడ్డంగా మలుపులు తిరుగుతూ కనిపిస్తే పిట్టల్లో కలిపేయొద్దు.

లెక్కలపిచ్చి జవాబు

పైవాళ్లు చెప్పినదంతా బాగుంది, ఒక్కచోట మాత్రం అడ్డం పడతాను. గుంపులు ఎడతెగకుండా వచ్చేటప్పుడు కొందరు ఒక నిమిషం లెక్కపెట్టి దాన్ని మొత్తం గంటకు గుణిస్తారు. అలా చేయకండి. బసకు వచ్చే పక్షులు ఒకే వేగంతో రావు. మొదట చినుకులు, తర్వాత కుండపోత, మళ్లీ చినుకులు. కుండపోత నిమిషాన్ని గంటకు గుణిస్తే ఊళ్లో లేనన్ని పక్షులు వస్తాయి. గుణించక తప్పనప్పుడు ఏ ఐదు నిమిషాల వరుసలో శాంపిల్ తీశారో ఆ వరుసకే గుణించి, పక్కన "అంచనా" అని రాయండి.

1,187 అని రాసేవాళ్లను చూస్తే నాకు అనుమానం. పదేసి యాభయ్యేసి లెక్కతో వచ్చిన అంకెకు చివర ఆ ఏడు ఎక్కణ్నుంచి వచ్చింది? 1,200 అనండి, వీలైతే "తక్కువలో తక్కువ 1,050, ఎక్కువలో ఎక్కువ 1,350" అని రెండు కొసలూ ఇవ్వండి. పక్షుల లెక్కలు ఎక్కించే ఈబర్డ్ సైటులో పెట్టేటప్పుడు ఒకటే అంకె అడుగుతుంది, మీ మధ్య అంకె పెట్టి కొసలు కామెంట్‌లో రాయండి. అంకె తెలియదని ఎక్స్ గుర్తు పెట్టేయడం మాత్రం వద్దు. ఎక్స్ అంటే ఆ పక్షి ఉందని మాత్రమే, రెండున్నాయో రెండు వేలున్నాయో చదివేవాళ్లకు తెలియదు. మీ మొరటు అంచనా కూడా దానికంటే వెయ్యి రెట్లు నయం.

అమెరికాలో క్రిస్మస్ బర్డ్ కౌంట్ 1900లో 27 మందితో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ల లెక్కల్లో ప్రతి అంకె కచ్చితమని ఎవరూ అనరు. 24 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న అదే వలయం, ఏటా అదే రోజులు, ఎంతమంది ఎన్ని గంటలు తిరిగారో కూడా రాసిపెడతారు. అందుకే ఈ ఏటి అంకెను ముప్పయ్యేళ్ల కిందటి అంకె పక్కన పెట్టి చూడగలుగుతున్నారు. మీరూ అంకె పక్కన ఎవరు లెక్కపెట్టారు, ఏ గీత, మబ్బా ఎండా, ఎన్నింటికి మొదలు ఎన్నింటికి ఆపారు అన్నవి రాయకపోతే వచ్చే ఏడాది ఆ నోట్‌బుక్ మీకే అర్థం కాదు.

కొమ్మచివర జవాబు

అందరికీ చాలా థాంక్సండీ. ఈ వారం మీరు చెప్పినట్టే చేసి చూశాం. ముందు ఇద్దరం ఒకే గీత దగ్గర, ఒకరికొకరు వినబడనంత దూరంలో నిలబడి విడివిడిగా లెక్కపెట్టాం. గోరింకలు నాకు లోపలికి 1,120, బయటికి 60. వాడికి లోపలికి 1,190, బయటికి 45. అంటే నాకు 1,060, వాడికి 1,145. 800కూ 2,000కూ మధ్య కొట్టుకున్నవాళ్లం ఇంత దగ్గరికి రావడం మాకే నవ్వొచ్చింది. వరుసలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా దాదాపు మొత్తం ఒకే ఐదు నిమిషాల్లో ఉంది, సూర్యాస్తమయం అయిన వెంటనే. అప్పుడు వచ్చినన్ని మిగతా గంటలో రాలేదు.

ఇప్పుడు దారులు పంచుకుని రెండు గీతలు పెట్టాం. రెండు సందేహాలు మిగిలాయి. గోరింకలు తిన్నగా చెట్లలోకి రావు. ముందు దూరంగా ఉన్న తీగల మీదా, మైదానంలో నేల మీదా పోగవుతాయి, కాసేపు గోల చేసి అప్పుడు కదులుతాయి. అక్కడున్నవాటిని లెక్కలో వేసుకోవాలా? ఇంకోటి, నిన్న ఒక డేగ వచ్చింది. చెట్లలోవన్నీ లేచి గీత దాటి బయటికి వచ్చేశాయి, మళ్లీ లోపలికి పోయాయి. ఆ గందరగోళంలో ప్లస్సూ లేదు మైనస్సూ లేదు, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాం.

నీటికాకి జవాబు

తీగల మీదవి మీ మొత్తంలో కలపొద్దు. బసకు ముందు అలా పోగవడం చాలా జాతులకు అలవాటు, అక్కడ పోగైనవన్నీ మీ చెట్లకే వస్తాయని లేదు. కొన్ని ఇంకో బసకు పోవచ్చు. అయితే ఆ చోటు మీకు వరం. కుదురుగా కూర్చుని ఉంటాయి, వెలుతురుంటుంది, పది కొలత కట్టుకోడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. తీగ మీద రెండు స్తంభాల మధ్య ఎన్నున్నాయో లెక్కపెట్టి పెట్టుకుంటే అవి లేచినప్పుడు ఆ గుంపు ఎంత ఉంటుందో కంటికి తెలుస్తుంది.

డేగ వచ్చిన రోజు సంగతి. లేచినవాటిని బయటికీ లోపలికీ రెండు వైపులా లెక్కపెట్టగలిగి ఉంటే ప్లస్సూ మైనస్సూ వాటంతటవే సరిపోయేవి. పెట్టలేదు కాబట్టి ఆ ఐదు నిమిషాల వరుస ఖాళీగా వదిలి "డేగ, లెక్క తెగింది" అని రాయండి. పక్క వరుసలు చూసి నింపకండి. అప్పటికే లోపలున్నవి తిరిగి లోపలికే పోయాయని మీరు కళ్లారా చూసుంటే మిగతా వరుసల మొత్తం ఉంచుకుని ముందు "కనీసం" అని చేర్చండి. సగం ఎటో పోయాయనిపిస్తే ఆ సాయంత్రాన్ని నెల లెక్కలోకి తీసుకోవద్దు, నోట్‌బుక్‌లో మాత్రం ఉండనివ్వండి.

ముందు ముందు గూళ్లు పెట్టే కాలంలో అంకె బాగా పడిపోతుంది, కంగారు పడకండి. పొదిగేవి రాత్రిళ్లు గూళ్ల దగ్గరే ఉండిపోతాయి. పిల్లలు ఎగరడం నేర్చాక అవి కూడా తోడై ఒక్కసారిగా పెరుగుతుంది, మీకు యాభై కొలత సరిపోక వంద కొలత కావాల్సి వచ్చేది అప్పుడే. ఈలోపు ఆ సూర్యాస్తమయం అయిన వెంటనే వచ్చే ఐదు నిమిషాలకు మాత్రం ఒకే గీత దగ్గర ఇద్దరుండేలా చూసుకోండి, ఒకరు గోరింకలు, ఒకరు మిగతావి. రెండో దారికి మూడో మనిషి దొరికితే ఇంకా మంచిది.